పాలు లేని మీగడ

"అమ్మా, నేను పాలు మానేశాను."

రెండేళ్ల క్రితం ఒక ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి ఈ మాట అన్నప్పుడు నా ఎదురుగా స్టవ్ మీద పాలు కాగుతున్నాయి. మాటల్లో పడి చూసుకోలేదు. పొంగి గట్టంతా పారాయి.

"పడటం లేదా? డాక్టరుకి చూపించుకోవే" అన్నాను గుడ్డతో తుడుస్తూ.

"పడకపోవడం కాదమ్మా. వద్దనుకున్నాను. పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, తేనె... జంతువుల దగ్గర్నుంచి వచ్చేదేదీ ఇక తినను."

గుడ్డు, మాంసం ఇంటర్‌లో ఉండగానే మానేసింది. అప్పుడు నేనేమీ అనలేదు. పైగా పప్పూ పెరుగూ ఉంటే చాలు మా పిల్లకి అని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ పెరుగు కూడా పోయింది.

పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అమ్మ "ఏమిటంట?" అంది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మనం పోసిన పాలు తప్పయిపోయాయన్నమాట" అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది.

ఆ మాట ఎందుకందో మా అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు.

మాది గుడివాడ దగ్గర ఒక పల్లె. నాన్న పోయేనాటికి నేను తొమ్మిదో తరగతి. తమ్ముళ్లిద్దరూ నాకంటే చిన్నవాళ్లు. ఉన్న ఎకరంన్నర కౌలుకిచ్చేసి అమ్మ రెండు గేదెల్ని పెట్టుకుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గొడ్ల సావిడి ఊడ్చి, పాలు పితికి, ఆరయ్యేసరికి పాల కేంద్రం దగ్గర వరసలో నిలబడేది. మళ్లీ సాయంత్రం అదే పని. వెన్న శాతాన్ని బట్టి డబ్బు కట్టేవాళ్లు. ఆ శాతం పడిపోకూడదని తవుడు, చెక్క, పిల్లిపెసర మేపేది. తనకి చీర కొనుక్కోవడం మరిచిపోయేది కానీ గేదెలకి దాణా మరిచిపోయేది కాదు. నా డిగ్రీ ఫీజు, పెద్ద తమ్ముడి పాలిటెక్నిక్, చిన్నవాడి ఐటీఐ అన్నీ ఆ రెండు పొదుగుల్లోంచి వచ్చినవే. మాకు రాత్రిపూట ఇచ్చే తలా అరగ్లాసు పాలు అమ్ముకుంటే డబ్బొచ్చే పాలు. ఆ సంగతి మాకు తెలుసు కాబట్టి గ్లాసు కడిగి ఆ నీళ్లు కూడా తాగేవాళ్లం.

అలాంటి ఇంట్లో పాలు మానేయడమంటే ఏదో పథ్యం సంగతి కాదు. మా అమ్మ బతుకుని ఎవరో తక్కువ చేసినట్టు తోచింది నాకు. అందుకే నా కూతురి మాట వినదలచుకోలేదు.

అసలు తప్పు ఆ మరుసటి సంక్రాంతికి చేశాను.

పండగకి వచ్చింది. అరిసెలు నూనెలో వండాను, పులిహోర చేశాను, గుమ్మడికాయ దప్పళం పెట్టాను. ముద్దపప్పు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగలేదు. పిల్ల చిక్కిపోయిందనిపించింది. తెలియకుండా వెళ్తే తప్పేముందనుకుని, రెండు చెంచాల నెయ్యి వేసి పప్పుగుత్తితో మెదిపేశాను. రెండో ముద్దకే ఆగిపోయి నా మొహంలోకి చూసింది.

"ఇందులో నెయ్యి ఉందా అమ్మా?"

"లేదే."

"వేశావుగా ఇందాక, రెండు చెంచాలు" అంది మా అమ్మ పక్కనుంచి, పాపం ఏమీ తెలియక.

అది కేకలేస్తే బాగుండేది. కంచం ముందు నుంచి నెమ్మదిగా లేచి చెయ్యి కడుక్కుంది. "నెయ్యి వేసినందుకు కాదమ్మా. అడిగితే లేదన్నావు చూడు, అందుకు" అంది. కనుమ నాడు, ఊరంతా పశువులకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేసే రోజున, ఒకరోజు ముందే బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పదకొండు నెలలు ఇంటికి రాలేదు. ఫోన్లు చేసేది, బాగానే మాట్లాడేది. ఉగాదికి రమ్మంటే పనుందంది. దసరాకీ అంతే. తిన్నావా అని అడిగితే తిన్నాననేది. ఏం తిన్నావని అడిగే ధైర్యం నాకు లేదు.

పోయిన డిసెంబరులో తనే చెప్పింది. "క్రిస్మస్‌కి నాలుగు రోజులు సెలవు కలిసొచ్చింది, వస్తున్నాను. నా కోసం ఏమీ వండకమ్మా. నేనే సూపు చేసుకుంటాను, బ్రెడ్ కాల్చుకుంటాను. అది చాలు."

నా వంటింట్లో నా కూతురు తన తిండి తనే వండుకుంటానంటోంది. నామీద నమ్మకం లేదని ఇంతకన్నా మర్యాదగా ఎవరు చెప్పగలరు? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున లేచి అనుకున్నాను, ఆ సూపు నేనే చేస్తానని. చుక్క పాలు పడకుండా, అయినా మీగడలా చిక్కగా ఉండేలా. చేతిలో పదిరోజులున్నాయి.

ముందు అసలు ఈ వీగన్ అంటే ఏమిటో చదివాను. ఇప్పటి పిల్లల వేలంవెర్రి అనుకున్నదాన్ని, ఆ మాట 1944లోనే పుట్టిందని తెలిసి ఆశ్చర్యపోయాను. బ్రిటన్‌లో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయనా ఇంకొందరూ కలిసి, వెజిటేరియన్ అనే ఇంగ్లీషు మాటలో మొదటి మూడు అక్షరాలూ చివరి రెండు అక్షరాలూ తీసుకుని ఆ పేరు పెట్టారట. అంటే మా అమ్మ కంటే వయసులో పెద్దది ఈ మాట.

ఇక ప్రయోగాలు. మొదటిసారి కొబ్బరిపాలతో చేశాను. గుమ్మడికాయ ఉడికించి, మెత్తగా చేసి, కొబ్బరిపాలు పోసి కుతకుతా ఉడకనిచ్చాను. పాలు విరిగినట్టయిపోయి పైన నూనె తేలింది. చిక్కటి కొబ్బరిపాలు పోశాక పెద్ద మంట పెట్టకూడదని తర్వాత అర్థమైంది. గుమ్మడి తీపికి కొబ్బరి తీపి తోడై, మా అమ్మ ఒక చెంచా నోట్లో వేసుకుని "పాయసంలో మిరియాలెందుకు వేశావే?" అంది.

రెండోసారి జీడిపప్పు. నానబెట్టకుండా పొడి కొట్టి కలిపాను. నాలుకకి ఇసకలా తగిలింది. మూడోసారి అంతా బాగానే ఉడికింది కానీ, తొందరపడి వేడివేడిగానే మిక్సీలో నిండా పోసి తిప్పాను. లోపల ఆవిరి పట్టి మూత ఎగిరి గోడమీద, నా జాకెట్టు మీద, క్యాలెండర్‌లో దేవుడి బొమ్మ మీద గుమ్మడికాయ. మావారు పరిగెత్తుకుంటూ వచ్చి, చెయ్యి కాలలేదని చూసుకుని, అప్పుడు నవ్వారు.

ఆ గోడ తుడుస్తుంటే ఒక సంగతి తట్టింది. నేను కొత్త విద్య నేర్చుకుంటున్నాననుకుంటున్నాను గానీ, ఇది మనకి తెలియనిదేం కాదు కదా! గుత్తివంకాయలో వేరుశనగపప్పు, నువ్వులు వేసేది చిక్కదనానికే. కుర్మాలో గసగసాలూ కొబ్బరీ నూరి వేసేదీ అందుకే. పప్పూ, పచ్చిపులుసూ, గోంగూర పచ్చడీ, పులిహోర... పైన నెయ్యి వేసుకోకపోతే మన విస్తట్లో సగం వంటల్లో పాలచుక్క ఉండదు. సంక్రాంతికి ఆ రెండు చెంచాలు వెయ్యకుండా ఉంటే సరిపోయేది. పిల్ల నన్ను పెద్దగా ఏమీ అడగలేదు.

సూపు కుదిరాక బ్రెడ్ సంగతి చూశాను. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే సరే కదా అనుకున్నాను. ఆ చుక్క శాకాహారానికి గుర్తు. పాలూ, పాలపొడీ ఉన్నా అదే చుక్క వేస్తారు. వీగన్ వాటికి ప్రభుత్వం 2022లో వేరే నిబంధనలు తెచ్చింది, వేరే గుర్తు కూడా ఉంది. అది మా వీధి కొట్లో ఉన్న ఏ బ్రెడ్ ప్యాకెట్ మీదా కనపడలేదు. కళ్లజోడు పెట్టుకుని చిన్నక్షరాలు చదువుకుంటూ పోతే ఒకదాంట్లో పాల పదార్థాలు, ఇంకోదాంట్లో వెన్న. చివరికి మలుపులో ఉన్న బేకరీకి వెళ్లి అడిగాను.

"మా మామూలు బ్రెడ్‌లో పాలెక్కడివండీ? పాలు పోస్తే నలభై రూపాయలకి గిట్టుబాటవుద్దా?" అన్నాడు ఆ అబ్బాయి నవ్వుతూ. పిండి, ఈస్టు, పంచదార, ఉప్పు, నూనె అంతేనట. బన్నుల మీద మాత్రం వెన్న రాస్తారట. ఇంతకుముందైతే "పాలు కూడా వెయ్యవా?" అని ఆ అబ్బాయిని దులిపేసేదాన్ని. ఆ రోజు రెండు బ్రెడ్లు కొనుక్కొచ్చాను.

అమ్మాయి రైలు దిగేసరికి ముక్కు ఎర్రగా ఉంది, గొంతు బొంగురుపోయింది. "స్నానం చేసి పడుకో, సూపు నేను చేస్తాను" అన్నాను. ఒక్క క్షణం ఆగింది. "సరే" అంది. ఆ ఒక్క క్షణం నాకు తెలుస్తూనే ఉంది.

ఎలా చేశానో చెప్తాను, నలుగురికి సరిపోతుంది. పాతిక జీడిపప్పులు వేడినీళ్లలో అరగంట నానబెట్టాను. పలాస నుంచి మా తోటికోడలు పంపిన పప్పు, బద్దలైనా పర్వాలేదు, ఎలాగూ రుబ్బేదే. అరకిలో మంచి గుమ్మడికాయ చెక్కుతీసి ముక్కలు కోశాను. మూకుడులో రెండు చెంచాల వేరుశనగ నూనె వేసి, గుమ్మడి ముక్కలు అక్కడక్కడ ఎర్రటి మచ్చలు పడేదాకా వేయించాను. దీనికి ఓపిక కావాలి, సూపు రుచంతా ఆ మచ్చల్లోనే ఉంటుంది. అందులోనే ఒక పెద్ద ఉల్లిపాయ ముక్కలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక బిర్యానీ ఆకు. ఉల్లిపాయ మెత్తబడ్డాక మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి మూతపెట్టి పావుగంట ఉడికించాను. ఆకు తీసేసి, బాగా చల్లారనిచ్చి, మిక్సీలో సగానికే పోసుకుంటూ రెండు విడతలుగా మెత్తగా తిప్పాను.

నానిన జీడిపప్పుని మాత్రం విడిగా, కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ, రెండు వేళ్ల మధ్య రాస్తే పలుకు తగలనంత మెత్తగా రుబ్బాను. అది సూపులో కలిపి సన్నని సెగ మీద ఐదు నిమిషాలు తిప్పుతూ ఉంటే కళ్లముందే చిక్కబడుతుంది. జీడిపప్పులో పిండిపదార్థం కాస్త ఎక్కువ, వేడి తగలగానే అది ఉబ్బి చిక్కదనం వస్తుంది. ఊరికే వదిలేస్తే అడుగంటుతుంది. దించాక మిరియాల పొడి, చిటికెడు జాజికాయ, అర చెక్క నిమ్మరసం. ఆ నిమ్మరసం వెయ్యకపోతే గుమ్మడి తీపి మొహం మొత్తుతుంది.

బ్రెడ్‌ని ఇనప పెనం మీద కాల్చాను. రెండువైపులా పల్చగా నూనె రాసి, చిన్న మంట మీద, మీదనుంచి గరిటెతో నొక్కుతూ. ఎర్రగా, గట్టిగా అయ్యాక వేడిమీదే ఒక పచ్చి వెల్లుల్లి రెబ్బతో రుద్దితే, ఆ గరుకుకి వెల్లుల్లి అరిగి బ్రెడ్‌కి పట్టేస్తుంది. ఆ వాసనకి మావారు పిలవకుండానే బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నారు.

నాలుగు గిన్నెల్లో పోశాను. బంగారపు రంగు, పైన మిరియాలు, చూడటానికి అచ్చం మీగడ కలిపినట్టే ఉంది. అక్కడే వచ్చింది చిక్కు. మరీ అలా ఉండటం వల్లే అమ్మాయి చెంచా ముంచి, నోటిదాకా తీసుకెళ్లి, ఆగిపోయింది. అడగలేదు. అడగడం ఇష్టం లేక అలా పట్టుకుని కూర్చుంది.

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. జీడిపప్పు ఇంకా అంటుకుని ఉన్న మిక్సీ జార్ తెచ్చి బల్లమీద పెట్టాను. నూనె డబ్బా, బ్రెడ్ కాగితం కూడా తెచ్చి పెట్టాను. "ఇంతేనే తల్లీ. ఇంకేమీ లేదు. ఆ రోజు లేదని అబద్ధం చెప్పాను. ఈరోజు చెప్పలేదు" అన్నాను. చెప్తుంటే గొంతు పట్టుకుంది.

అది జార్ వైపు చూడనేలేదు. చెంచా నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకో చెంచా. "అమ్మా, ఇంత చిక్కగా ఎలా వచ్చింది?" అంది. జలుబు వల్లో దేనివల్లో కళ్లు తుడుచుకుంది.

మా అమ్మకి పళ్లు లేవు. కాల్చిన బ్రెడ్ ముక్కని సూపులో ముంచి, నానబెట్టుకుని, నెమ్మదిగా తింటోంది. గిన్నె సగమయ్యాక నావైపు తిరిగి, "చుక్క గేదె గుర్తుందా నీకు?" అంది.

నుదుటి మీద తెల్లమచ్చ ఉండే గేదె. ఎందుకు గుర్తుండదు?

"రెండో ఈతలో దాని దూడ పోయింది. నిండా ఇరవై రోజులు కూడా లేదు" అంది మనవరాలితో. "దూడ లేకపోతే గేదె చేపదమ్మా. పొదుగులో పాలున్నా కిందికి దించదు. తన్నేస్తది. ఏం చెయ్యాలి? చచ్చిన దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కుక్కించి, నాలుగు కర్రలు కాళ్లు పెట్టించాను. రోజూ రెండు పూటలా దాన్ని ముందు పెట్టేవాళ్లం. అది వాసన చూసి నాకేది. నాకుతూ ఉంటే చేపేది. నేను పితుక్కునేదాన్ని."

ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఆ గడ్డి దూడని గేదె ముందు పట్టుకుని నిలబడింది నేనే. పదహారేళ్లుంటాయి నాకు. కాలేజీకి వెళ్లేముందు చెయ్యి సబ్బుతో రుద్దుకున్నా ఆ వాసన పోయేది కాదు. నా పిల్లకి పాల కేంద్రం గురించి, అరగ్లాసు పాల గురించి వందసార్లు చెప్పాను. గడ్డి దూడ గురించి ఒక్కసారీ చెప్పలేదు.

"నువ్వు చేసింది తప్పని నేనెప్పుడూ అనలేదు అమ్మమ్మా" అంది మా అమ్మాయి మెల్లగా.

"నువ్వనక్కర్లేదే. నాకే అనిపించేది. దాని కళ్లలోకి చూసేదాన్ని కాదు. అయినా మానలేదు. ముగ్గురు పిల్లలు. మళ్లీ ఆ రోజులొస్తే మళ్లీ అదే చేస్తాను. నీకా అవసరం లేదుగా, నువ్వు మానేశావు. మంచిదే" అని, ఖాళీ అయిన పళ్లెం నావైపు జరిపి, "ఇంకో ముక్క కాల్చవే, కరకరలాడేలా" అంది.

ఆ నాలుగు రోజుల్లో సూపు రెండుసార్లు చేశాను. రెండోసారి అమ్మాయి వెల్లుల్లి ఒలిచింది, నేను వేయించాను. బి12 సంగతి అడిగాను. పాలూ గుడ్లూ మాంసమూ మానేసినవాళ్లకి అది తిండిలో దొరకడం కష్టం, మాత్ర వేసుకోవాలి. వేసుకుంటున్నానని డబ్బా చూపించింది. కాల్షియానికి నువ్వులు, రాగులు తింటున్నానంది. తిట్టాలని కాకుండా తెలుసుకోవాలని అడిగితే ఎన్ని సంగతులు చెప్తుందో!

మేం మారామా అంటే, లేదు. మా అమ్మకి సాయంత్రం పాలు పోసిన కాఫీ లేకపోతే కుదరదు. నాకు చివర్లో పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టుండదు. మా ఫ్రిజ్‌లో పై అరలో పెరుగు గిన్నె ఉంటుంది, అమ్మాయి వచ్చినప్పుడు కింద అరలో జీడిపప్పు ముద్ద ఉంటుంది. గరిటెలు మాత్రం కలవనివ్వను.

అమ్మాయి బయల్దేరే రోజు పొద్దున పై వాటాలో ఉండేవాళ్లు స్టీలు డబ్బాతో జున్ను తెచ్చారు, వాళ్ల ఊళ్లో గేదె ఈనిందట, మా అమ్మాయి వచ్చిందని తెలిసి ప్రత్యేకంగా తెచ్చారు. ఇన్నాళ్లూ ఇలాంటప్పుడు మా అమ్మ "దానికి పాలు పడవమ్మా" అని చెప్పేది, ఏదో జబ్బు దాచినట్టుగా.

ఆ రోజు డబ్బా అందుకుని, "నేను తింటాను, ఇటివ్వు. మా మనవరాలు తినదు. మానేసింది" అంది. ఆవిడ ఏదో అడగబోతే, "కూర్చో, నీకు సూపు పోస్తుంది మా అమ్మాయి. తాగి చూడు. చుక్క పాలుండవు" అని కుర్చీ లాగింది.